గంట నిండుగా, నాలుగు గంటలు పల్చగా

మా కాక పోయాడని రెండు వారాల కింద ఆదివారం ఆయన భార్య, మా చిన్నమ్మ, ఫోన్ చేసింది. పొద్దున చాయ్ తాగి, కప్పు తానే కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. "ఎవ్వర్నీ తక్లీఫ్ వెట్టలే బిడ్డా," అని ఏడుస్తూనే కాస్త గర్వంగా చెప్పింది. నేనూ ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఉప్మా తింటున్న ఒక పెద్దమనిషి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ ఉప్మా సంగతి చెప్పకుండా మా కాక గురించి చెప్పడం నా వల్ల కాదు.

కాక అంటే బాబాయే గానీ, ఆయన మాకు రక్తసంబంధి కాదు. బొంబాయి కామాటిపురాలో, అందరికీ తలో గది ఉండే మా చాలీలో పక్క గది ఆయనది. వాళ్ల తాతా మా తాతా పాలమూరు నుంచి ఒకే గుంపులో కట్టడం పనికి వచ్చారు, మాకున్న చుట్టరికం అదే. ఎనభైలలో ఫాక్‌లాండ్ రోడ్ వైపు మెట్ల కింద ఆయనకో కొట్టు ఉండేది. ఇద్దరు లోపలుంటే మూడోవాడు రోడ్డు మీదుండాలి. అందులో రెండు వీసీఆర్‌లు పెట్టుకుని పెళ్లి క్యాసెట్లకు కాపీలు తీసేవాడు. క్యాసెట్‌ను బనీను అంచుతో తుడవందే మిషన్లో పెట్టేవాడు కాదు. కాపీ అవుతున్నంతసేపూ అక్కడి నుంచి కదిలేవాడూ కాదు. మూడు గంటల పెళ్లయితే మూడు గంటలూ చూడాల్సిందే. ఎవరి పెళ్లో తెలియకపోయినా సరే, అప్పగింతల దగ్గర ముక్కు చీదుకునేవాడు.

నా పెళ్లి ఇంకో వారం ఉందనగా మా నాన్న పరంజా మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కాలికి బరువు కట్టి ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టారు. ముహూర్తం వాయిదా వేయడానికి ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. వర్లిలో హాలు తీసుకున్నాం. నాన్న కూర్చోవలసిన పీట మీద కాక, అమ్మ లేదు గనుక ఆమె స్థానంలో చిన్నమ్మ కూర్చుని కన్యాదానం చేశారు.

మర్నాడు కొత్త తాళితో ఆస్పత్రికి వెళ్లాను. కాక కూడా వచ్చాడు. నాన్న నన్ను తేరిపార చూసి, "మంచిగనే అయ్యింది గద," అని గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. తల్లి లేని పిల్లను పెంచి పెద్దచేసిన మనిషి, ఆ ఒక్క పూటే లేకుండా పోయాడు.

కాక మంచం అంచున కూర్చుని, "అన్నా, ఇంటికొచ్చే యాల్లకు పెండ్లి మొత్తం చూపిస్త. అక్షింతలు గూడ ఏద్దువు. ఏది మంచిగ కనవడాలెనో చెప్పు," అన్నాడు.

"బిడ్డ మొకం కనవడాలె," అన్నాడు నాన్న. తాళి కట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు అని కూడా చెప్పాడు. కన్యాదానం మాట మాత్రం ఎత్తలేదు.

అడగడం సులువే. వీడియో తీసినతను తన రెండు క్యాసెట్లూ రెండు రోజుల్లో వెనక్కివ్వమన్నాడు, ఇంకో పెళ్లికి కావాలట. వాటిలో ఉన్నది ఐదు గంటల పెళ్లి. లగ్గాల రోజులు కావడంతో మంచి ఖాళీ క్యాసెట్ ఒక్కటే దొరికింది, అది మూడు గంటలది. కాక మిషన్లో రెండు వేగాలుండేవి, బటన్ నొక్కి మార్చాలి. టేపు మామూలుగా పరిగెడితే బొమ్మ నిండుగా వస్తుంది. సగం వేగంతో నడిపితే మూడు గంటల టేపులో ఆరు గంటలు పడుతుంది గానీ, ముఖాలు పొగలో ఉన్నట్టుంటాయి.

"మజ్జిగల నీళ్లు వోస్తే పదిమందికైతది, రుచి వోతది," అనేవాడు కాక ఆ సంగతి చెబుతూ.

కొంత కత్తిరిద్దామంటే ఒప్పుకోలేదు. "మనిషి పల్చబడ్డా ఫర్వా లే బిడ్డా. ఉండాలె. చాలీల ప్రతి గదోళ్లు తమ మొకం దేవులాడుకుంటరు," అన్నాడు. క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో లెక్క కట్టాడు. ఒక గంట నిండుగా, నాలుగు గంటలు పల్చగా. సరిగ్గా సరిపోయింది. ఆ గంటలో ఏమేముండాలో కూడా వరుసగా రాశాడు, కన్యాదానం ఇరవై నిమిషాలతో సహా. అది తెలిసి ఆడవాళ్లంతా కొట్టు ముందుకొచ్చి, "నన్ను ఆ నిండు గంటల ఎయ్ రా," అని ప్రాణం తీశారట. నేనప్పుడు అత్తవారింట్లో ఉన్నాను.

నాన్న ఇంటికొచ్చిన రోజు మా గదిలోకి టీవీ, మిషనూ మోసుకొచ్చాడు కాక. చాలీ అంతా మా గుమ్మంలోనే. మొదట పల్చటి బాజాలు, పల్చటి పూలదండలు. తర్వాత మగపెళ్లివారి టిఫిన్లు. ఉన్నట్టుండి బొమ్మ అద్దంలా తేటపడింది. మావారి తరఫు పెద్దమనిషి ఒకాయన ఉప్మా తింటున్నాడు. తిన్నాడు, మళ్లీ వేయించుకున్నాడు, మళ్లీ తిన్నాడు. ఇరవై నిమిషాలు.

అందరూ విరగబడి నవ్వారు. కాక తల గోక్కుని, "నడుమల నల్లా వచ్చెనని ఎవలో మొత్తుకున్నరు. బకెట్లు వట్టుకొని ఉరికిన. బటన్ సంగతి యాది మర్శిన," అన్నాడు. మా చాలీలో కుళాయి వచ్చిందంటే పూజ చేసేవాళ్లు కూడా హారతి వదిలేసి పరిగెత్తేవారు. కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు.

ఉప్మా మింగేసిన ఇరవై నిమిషాలు ఎక్కడో తగ్గించాలి కదా. కన్యాదానం దగ్గర తగ్గాయి. బొమ్మ మసకబారింది. పీట మీద పంచె, తలపాగా ఉన్న మనిషి. ముఖం ఎవరిదో తెలియదు.

నాన్న ముందుకు వంగాడు. "గీడ కూసున్నదెవరు తమ్మీ?"

"ఎవరంటవ్? పెండ్లికూతురి తండ్రి," అన్నాడు కాక.

తాళి దగ్గర బొమ్మ మళ్లీ తేటపడి నా ముఖం నిండుగా కనిపించగానే నాన్న గుప్పెడు అక్షింతలు టీవీ మీద వేశాడు. మిషన్ సందుల్లోంచి ఆ బియ్యం ఏరడానికి కాకకు వారం పట్టింది. తిడుతూనే ఏరాడు.

మొన్న పదో రోజుకు వెళ్లినప్పుడు ఈ ఉప్మా కథే చెప్పాను. అందరూ నవ్వారు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏం నల్లా? ఆ దినం నల్లా రానేలే. పైపు పలిగి రెండు దినాలు ట్యాంకర్ నీళ్లే మోసినం. ఆయన కొట్ల నుంచి లేవనే లేవలే. బువ్వ గూడ నేనే తీస్కపోయి ఇచ్చిన," అంది.

ఇన్నేళ్లూ ఆయన మతిమరుపని నవ్వుకున్నాను. పీట మీది తన ముఖాన్ని కాక కావాలనే మసక చేశాడని నాన్న కనిపెట్టాడో లేదో, ఆయనా లేడు అడగడానికి. కాక రుణం ఎలా తీరుతుందో నాకు తెలియదు.

ఇంటికొచ్చి మా అబ్బాయి కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఆ పెళ్లి పెట్టుకుని చూశాను. పెద్దమనిషి మూతికి అంటిన కరివేపాకు కూడా తేటగా కనిపిస్తోంది. తర్వాత బొమ్మ పల్చబడింది. తలపాగా వంచి, ముఖం తెలియని ఒక మనిషి నా చేతుల మీద మెల్లగా నీళ్లు పోస్తున్నాడు.