బొట్టు పెట్టని పిలుపు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మా సంప్రదాయవాద పార్టీ కార్యకర్తలకు ఇంటింటి ప్రచారం నేర్పే నాకు, పరాయి తలుపు తట్టాలంటే భయం. అందుకే కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలో ఆడవాళ్ల మీటింగుకు అందరినీ వాట్సాప్ గ్రూపులోనే పిలిచాను. దీపం బొమ్మ మీద "మన ఆచారాలు మనమే కాపాడుకుందాం" అని రాశాను. అందరూ గ్రూపులో దండం బొమ్మలు పెట్టారు. ఆ వీధి కార్యకర్త అక్క తప్ప ఎవరూ రాలేదు.

"ఆచారమంటవ్, బొట్టు పెట్టకుండ పిలుస్తవ్. ఎవరొస్తరే?" అని అక్క పడీపడీ నవ్వింది.

మీటింగు వాయిదా వేసి, మర్నాడు కుంకుమ భరిణెతో నేనే బయలుదేరాను. మొదటి తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను. అయినా తట్టాను. తలుపు తీసిన పెద్దావిడ, కుంకుమ అద్దుకున్న నా వేలు చూసి నుదురు ముందుకు వంచింది.

"పెట్టు బిడ్డా, వస్త. ఓటు సంగతి తర్వాత సూద్దాం."