పెద్దసారు ఫ్రిజ్‌లో జెర్మేనియం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తలచుకుంటే ఇప్పుడు ముచ్చటగానూ ఉంటుంది, కాస్త సిగ్గుగానూ ఉంటుంది. తొంభైల్లో, డిప్లొమా చేతికి రాగానే ఖతార్ వెళ్ళి, దుఖాన్ చమురు బావుల దగ్గర ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ హెల్పర్‌గా చేరాను. హెల్పర్ అంటే ఎండలో నిలబడి టెక్నీషియన్ అడిగిన స్పానర్ అందించేవాడు. (అడగని సలహాలు కూడా అందించేవాణ్ణి. అందుకే ఏ టెక్నీషియనూ నన్ను ఎక్కువ రోజులు భరించలేదు.) ఆగస్టులో అక్కడి ఇనుప మెట్లమీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేవి. ఆ మెట్లపైన, అద్దాల వెనక కంట్రోల్ రూమ్ ఉండేది. లోపలివాళ్ళు ఏసీ చలికి స్వెట్టర్లు వేసుకుని టీ తాగుతుంటే కిందనుంచి చూసి గుటకలు మింగేవాణ్ణి. ఆ గదిలో ఒక ఖాళీ వచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అది ఎవరికివ్వాలో తేల్చేది మా పెద్దసారు.

పెద్దసారుది గుంటూరు వైపు. కుటుంబంతో దోహా శివారు అబూ హమూర్‌లో ఉండేవారు. శుక్రవారాలు తెలుగువాళ్ళను భోజనానికి పిలిచేవారు కానీ, ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. వచ్చినవాళ్ళలో ఒకరు శాస్త్ర విషయమేదైనా మాట్లాడాలి. అది అయ్యాకే వడ్డన. (కడుపు ఖాళీగా ఉంటే బుర్ర చురుగ్గా ఉంటుందని ఆయన సిద్ధాంతం. మా బుర్రలు మాత్రం వంటింటి వాసనల వెంటే పోయేవి.) ఆ వారం వంతు నేను బతిమాలి మరీ తీసుకున్నాను. తొలి ఉపగ్రహాల్లో వాడిన ట్రాన్సిస్టర్ల గురించి చెప్పి, పెద్దసారును మెప్పించి, సరాసరి ఏసీలోకి వెళ్ళిపోదామని నా పథకం.

ఉత్త మాటలు చాలవని ఒక వస్తువు కూడా సంపాదించాను. మా క్యాంప్ గదిలో నిజామాబాద్ జిల్లా ఆయన ఒకడుండేవాడు, అందరికీ మామే. దోహాలో పాత సామాన్ల అంగట్లో కొన్న తోలు తొడుగు రేడియో ఆయన ప్రాణం. వెనక మూత విప్పి చూస్తే లోపల జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, తొలినాటి ఉపగ్రహంలో పెట్టిన బాపతు. జెర్మేనియానికి వేడి పడదు. అందుకే మామ రేడియో పట్టపగలు గొంతు పోగొట్టుకుని, పొద్దుగూకాక పాటలందుకునేది. దానికి పొగరెక్కువని మామ అభిప్రాయం. నేను కూర్చోబెట్టి చాలాసేపు శాస్త్రం వివరించాను.

“నువ్వు జెప్పింది నాకేం సమజ్ కాలే గని, మంచిగ తీస్కపో, మంచిగ తీస్కరా. అది పాడకపోతె నాకు నిద్ర వట్టది” అన్నాడు మామ.

శాస్త్రం అంత బాగా తెలిసినవాణ్ణి, రేడియోను ఏసీ లేని కంపెనీ పికప్‌లో, ముందద్దం కింద, నడినెత్తి ఎండలో పెట్టుకుని దుఖాన్ నుంచి వచ్చాను. అబూ హమూర్‌లో దిగి మీట తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. గొంతు పూర్తిగా పెంచినా లేదు. నా ఉద్యోగం కళ్ళముందే ఆవిరైపోతున్నట్టు అనిపించింది. ఎవరూ చూడకుండా వంటింట్లో దూరి, దాన్ని తువ్వాల్లో చుట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి, మర్యాదస్థుడిలా వచ్చి హాల్లో నిలబడ్డాను. మీట కట్టెయ్యాలన్న ఊహే రాలేదు.

ఉపన్యాసం బ్రహ్మాండంగా మొదలైంది. రష్యావాళ్ళ మొదటి స్పుత్నిక్ రేడియోలో గాజు వాల్వులే ఉన్నాయనీ, తర్వాత కొద్ది నెలలకే అమెరికావాళ్ళు పంపిన వాన్‌గార్డ్ పంపరపనస కాయంతే అయినా అందులో ట్రాన్సిస్టర్లు ఉన్నాయనీ, సూర్యకాంతితో నడిచే పలకలు దానికే మొదట అమర్చారనీ ఊదరగొట్టాను. పిల్లలు ఆవలించారు. పెద్దలు గడియారం చూసుకున్నారు. ఎండకు బెదిరే జెర్మేనియం ఆకాశంలో ఎలా మాట్లాడిందో చెప్పబోతుండగా, వంటింట్లోంచి ఒక మగగొంతు అరబ్బీలో గర్జించింది. వెంటనే ఆగింది. మళ్ళీ గర్జించి, మళ్ళీ ఆగింది. పెద్దసారు భార్య గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చారు.

“ఏవండీ, మన ఫ్రిజ్‌లో ఎవరో అరబ్బాయన వార్తలు చదువుతున్నాడు. తలుపేస్తే ఊరుకుంటున్నాడు” అన్నారామె.

అంతా వంటింట్లోకి పరుగెత్తారు. పెద్దసారు తలుపు తీశారు, గర్జన. వేశారు, నిశ్శబ్దం. ఆవలించిన పిల్లలే ఇప్పుడు నాకొకసారి నాకొకసారి అని ఎగబడ్డారు. చివరికి ఆయన తువ్వాలు మూట బయటికి తీసి, ఇది ఎవరిదని అడిగారు. నేను చెయ్యెత్తాను. చల్లబడ్డాక జెర్మేనియం కోలుకుందనీ, ఇనుప పెట్టె మూస్తే రేడియో తరంగాలు లోపలికి రావనీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. మరి ఉపగ్రహమూ లోహపు గోళమే కదా అని ఆయన నిలదీశారు. దాని ఏరియల్ కడ్డీలు బయటికి పొడుచుకుని ఉంటాయని చెప్పాను. ఆయన ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

అప్పుడు ఆమె జాలిగా, పైన ఆ పంపరపనస ఇంకా మాట్లాడుతోందా అని అడిగారు. లేదండీ, కొన్నేళ్ళకే మూగబోయింది, కానీ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది అన్నాను.

“అంటే నోరు మూసుకుని డ్యూటీ చేస్తోందన్నమాట” అన్నారు పెద్దసారు. “కంట్రోల్ రూమ్‌లో నాక్కావలసింది అలాంటివాడే. నువ్వుండగలవా?”

ఉండగలనని కారణాలతో సహా నిరూపించడానికి నోరు తెరిచాను. ఆమె గరిటె అడ్డం పెట్టి, “తల ఊపు నాయనా, చాలు” అన్నారు.

ఊపాను. నా జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్నకు ఉపన్యాసం లేకుండా జవాబిచ్చాను, మొదటిసారి అడిగింది దొరికింది. మామ రేడియోను చెమ్మ తుడిచి భద్రంగా అప్పగిస్తే, ఆయన అక్కడేం జరిగిందని అడిగాడు. చెప్పకుండా ఉండటానికి నేను పడ్డ యాతన ఆ దేవుడికే తెలుసు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ గదిలో మీటర్ల ముళ్ళ కదలిక చూస్తూ తక్కువ మాట్లాడటం నేర్చుకున్నాను, మంచి పేరూ తెచ్చుకున్నాను. కానీ నిజం చెప్పనా, తువ్వాలు మూట ఫ్రిజ్‌లో దాచి హాల్లో నిలబడి ఆకాశం గురించి వాగిన ఆ కుర్రవాడంటేనే నాకు ఇష్టం. ఇప్పుడు వాడు ఎదురైతే కుర్చీ వేసి కూర్చోబెట్టి, మిగిలిపోయిన ఆ ఉపన్యాసం చివరిదాకా వింటాను.