నబవనుక వండని కూర

మా కొండ మీద ఉరుములతో వాన పడిన మర్నాడు పుట్టగొడుగులు ఎంత జోరుగా లేస్తాయంటే, పుట్ట మీద పొదుగుతున్న కోడిని గుడ్లతో సహా అవి మూరెడు పైకి ఎత్తడం నేను కళ్ళారా చూశాను. ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయింది. కానీ ఆ కోడి నబవనుకది, ఆ పుట్ట ఆమె ఇంటి వెనకది. ఆ పుట్టగొడుగుల్లో ఒక్కటి కూడా ఆమె ఏళ్ళ తరబడి కుండలో వెయ్యలేదు. ఇంతవరకూ నిజం.

నబవనుక నా భార్యకు వరసకు చెల్లెలు. ఈత చాపలు అల్లి మసాకా సంతకు పంపేది. ఆమె చాపకు పేరెంతో నోటికీ అంత పేరు. చిత్తడి నేలలో ఒక పెద్ద చేప నన్ను వీపున ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చిందని ఒకసారి పదిమందిలో చెబుతున్నాను. ఆమె చాప మీంచి తల ఎత్తకుండానే, "ఆ చేప ఇప్పుడేది బావా? నీ బరువుకి చచ్చిందా, నీ మాటలకి చచ్చిందా?" అంది.

ఆమె అల్లుడు సరస్సులో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కూతురు జ్వరంతో పోయింది. మిగిలింది కవల ఆడపిల్లలు, బబిరియే, నకాటో. తండ్రిది పుట్టగొడుగుల గోత్రం. మాలో గోత్రానికి ఏది పేరైతే ఆ గోత్రం వాళ్ళు దాన్ని తినరు. పిల్లలది తండ్రి గోత్రమే. తండ్రి వైపు వాళ్ళు దీవుల్లోకి చెదిరిపోయారు కాబట్టి, ఆ పిల్లలకు నాన్న తాలూకు మిగిలిందల్లా పుట్టగొడుగులు తినకపోవడం ఒక్కటే. నబవనుక గోత్రం వేరు, ఆమె తినొచ్చు. అయినా పిల్లలు ఇంటికి వచ్చిన రోజు నుంచీ మానేసింది.

రేకుల చర్చి పాస్టర్ లుట్వామా ఆమె దగ్గరికి తెల్లవాళ్ళను తీసుకొచ్చాడు. భార్యాభర్తలూ ముగ్గురు కొడుకులూ, అందరికీ ఒకే రంగు చొక్కాలు, చొక్కాల మీద వాక్యం. దేవుడు దొరసానికి కలలో ఇద్దరు నల్లపిల్లలను చూపించాడట. సిస్టర్ల బడిలో చదువుకునే రోజుల్లో నాకూ కలలో దేవదూతలు కనిపించేవారు. వాళ్ళెవరూ పక్కవాళ్ళ పిల్లల్ని తెచ్చుకోమని చెప్పలేదు. అయినా ఆ దంపతులు చెడ్డవాళ్ళని నేననను. వారాల తరబడి ఇక్కడే ఉండి, పిల్లల తలలు కడిగి, పాటలు పాడి, కన్నీళ్ళు పెట్టుకున్నారు.

నేనప్పుడు హెర్నియా ఆపరేషన్ చేయించుకుని మిషన్ ఆసుపత్రిలో పడి ఉన్నాను. నబవనుక అరటిపళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చింది.

"చదివించడానికి తీసుకెళ్తారట బావా. పెద్దయ్యాక వస్తారు."

"వస్తారని వాళ్ళన్నారా?"

"అనేదేముంది? పెంపకానికి వెళ్ళిన పిల్ల రాకుండా ఎక్కడికి పోతుంది? నువ్వు మీ మేనత్త ఇంట్లో పెరగలేదూ? తిరిగొచ్చి మా ప్రాణాలు తియ్యట్లేదూ?"

నాకూ అది సబబుగానే తోచింది. మాలో పిల్లను పెంపకానికి ఇవ్వడమంటే ఇంకో ఇల్లు కలుపుకోవడం. ఉన్న ఇల్లు తీసెయ్యడమని ఎవరికి తడుతుంది? కోర్టులో జడ్జి "శాశ్వతంగానేనా?" అని అడిగితే ఆమె నవ్విందట. చుట్టరికం శాశ్వతం కాకపోతే మరేమిటి!

బయలుదేరే రోజున ఆమె దొరసాని చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది: పిల్లలకు పుట్టగొడుగులు పెట్టొద్దని. పాస్టర్ ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని గుండె మీద చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు సంగతి నబవనుక చెప్పగా నేను ఎన్నిసార్లు విన్నానో!

మొదట్లో క్రిస్మస్‌కు ఫోటోలు వచ్చేవి. పాస్టర్ పట్నానికి మారిపోయాక అవీ ఆగాయి. ఆమె పిల్లలకు చెరొకటని రెండు చాపలు అల్లి దూలానికి కట్టింది. ఎండ కాసినప్పుడల్లా దింపి ఆరబెట్టేది. తన పెరట్లో మొలిచిన పుట్టగొడుగులు ఎవరడిగితే వాళ్ళకిచ్చేది. పిల్లలు వచ్చేసరికి కుండకు ఆ వాసన ఉండకూడదట.

"పిల్లలు సముద్రం అవతల, పథ్యం ఇక్కడి కుండకా?" అని పక్కింటామె ఎత్తిపొడిచింది.

"నీ మొగుడు పక్క వీధిలో కాపురం పెడితే నువ్విక్కడ పథ్యం చెయ్యట్లేదూ?" అంది నబవనుక. ఆ ఎత్తిపొడుపు మళ్ళీ వినపడలేదు.

చివరికి వాళ్ళు వచ్చారు. పిల్లలు ఆమె భుజం దాకా ఎదిగారు. వాళ్ళ పేర్లిప్పుడు ఫెయిత్, జాయ్. దేవుడు దొరసానికి ఇంకో కల ఇచ్చాడట, ఈసారి మగపిల్లవాడు. వాడి కోసం పట్నంలోని అనాథాశ్రమానికి వచ్చి, దారిలో మా కొండకు ఒక పూట కేటాయించారు. సిస్టర్ల బడి ఇంగ్లీషు ఉంది కదా అని, వాళ్ళ మాట ఈమెకూ ఈమె మాట వాళ్ళకూ చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు.

నబవనుక ఆకుల్లో అరటికాయ ఉడకేసింది, పెట్టను కోసింది, రెండు చాపలూ పరిచింది. మా ఆడపిల్లలు పెద్దవాళ్ళను పలకరించినట్టు పిల్లలు మోకరిల్లి పలకరిస్తారని ఎదురుచూసింది. వాళ్ళు నిలబడే చెయ్యి చాపారు.

"వీళ్ళ మోకాళ్ళకేమైంది?"

"విమానంలో కూర్చుని బిగుసుకుపోయాయట," అన్నాను.

దొరసాని నీళ్ళు నిండిన కళ్ళతో నవ్వుతూ సాక్ష్యం మొదలుపెట్టింది. పుట్టగొడుగులు పిల్లల ఒంటికి విషమని, తింటే బతకరని పాస్టర్ అప్పుడు చెప్పాడట. ఏళ్ళ తరబడి ముట్టనివ్వలేదట. వాళ్ళ సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించారట. ఆ తర్వాత డాక్టరు పరీక్ష చేస్తే జబ్బు ఆనవాలే లేదట. "దేవుడు స్వస్థపరిచాడు! ఆమెకు చెప్పండి!" అంది.

లుట్వామాకు గోత్రాలంటే సైతాను పని. ఆ మాట నోట పలకడం ఇష్టం లేక జబ్బని చెప్పేశాడన్నమాట.

"ఏమంటోంది బావా?"

నా డెబ్బయ్యేళ్ళ అబద్ధాల నాలుక తడబడింది. "నీ కోడికూర బాగుందట."

"కోడింకా పొయ్యి మీదే ఉంది."

ఇంతలో బబిరియే ఫోన్ తీసి అమ్మమ్మకు చూపించింది. చర్చిలో ఇద్దరూ నిలబడి చెరో పుట్టగొడుగు నోట్లో పెట్టుకుంటున్నారు, చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నబవనుక ఫోన్‌ను దగ్గరికి తీసుకుని చూసింది, దూరం పెట్టి చూసింది.

"ఎవరు పెట్టారు?"

ఇక దాచడానికి లేక చెప్పాను. "జబ్బు అనుకున్నారు. దేవుడు నయం చేశాడంటున్నారు."

"నయం చెయ్యడానికి ఇది జబ్బా బావా? ఇది వాళ్ళ నాన్న." ఫోన్ తిరిగి ఇచ్చేసి, "అడుగు. ఇక ఇక్కడే ఉంటారా?" అంది.

అడిగాను. ఎల్లుండి విమానమట.

నబవనుక లేచి పొయ్యి మీంచి కుండ దింపింది. అందరికీ వడ్డించింది, మంచి ముక్కలు పిల్లలకే వేసింది. చివర్లో వాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, స్వస్థతకు దేవుణ్ణి స్తుతించారు. నబవనుకను కూడా వలయంలో నిలబెట్టారు. ఎవరి చెయ్యి పట్టుకోమంటే వాళ్ళ చెయ్యి పట్టుకుంది.

వాళ్ళ విమానం ఎగిరిన రోజున ఉరుములతో వాన పడింది. మర్నాడు నబవనుక భోజనానికి రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి పిల్లల కోసం అల్లిన ఆ చాపల్లో ఒకదాని నిండా పుట్టగొడుగులు ఎండబోసి ఉన్నాయి. రెండోదాని మీద ఆమె కూర్చుని ఉంది. వేరుశనగ పులుసులో పుట్టగొడుగులు వండింది. నాకు వడ్డించి తనూ వడ్డించుకుని, కంచం వంక చూస్తూ మెల్లగా తింది.

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది."

"ఎక్కువవలేదు. నీకెప్పుడూ అబద్ధాలే," అంది, కంచంలోంచి తల ఎత్తకుండా.