బాపు పంటి క్రిములు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మంచిర్యాల దగ్గరి గని దవాఖానలో ఒక పళ్ల డాక్టర్ ఉండేవాడు. ఎప్పుడు చూసినా గాజుగొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తుండేవాడు. గొట్టంలో క్రిములను పెంచే మాంసపు రసం, అందులో మా బాపు పంటి క్రిములు.

బాపు పంటి వేరులో చీము శుభ్రం చేసి, లోపల తిప్పిన కాగితపు వత్తిని ఆయన రసంలో వేశాడు. రసం మసకబారితే పంట్లో క్రిములు ఇంకా ఉన్నట్టు; రెండు రోజులు తేటగా ఉంటేనే పన్ను మూయాలి. "నాగ పెడితే కొలువు పోతది సారూ" అని బాపు బతిమాలితే మరునాడే మూసేశాడు. ఆ తెల్లారి రసం మసకబారింది. డాక్టర్ సైకిలు మీద మా ఇంటికి వచ్చేసరికి బాపు గనిలోకి దిగిపోయాడు. పైకి వచ్చేసరికే దవడ వాచింది; చివరికి పన్నుతోపాటు ఎముక ముక్క కూడా తీయాల్సి వచ్చింది. చెంప లొట్టపోయింది.

పుండు చూపించడానికి నెలల తరబడి బాపును నేనే తీసుకుపోయేదాన్ని. డాక్టర్ ఆ క్రిములను పారెయ్యలేదు. రసం మారుస్తూ బతికించి, ఒక్కో మందూ వేసి చూసేవాడు.

"పన్నే పోయింది, గవి ఇంకెందుకు సారూ?" అన్నాడు బాపు.

"నేను పెట్టిన మందుకు ఇవి చావలే. దేనికి చస్తయో తెల్వకుండ ఇంకొకరి పన్నెట్ల ముట్టాలె?" అన్నాడాయన, బాపు ముఖంలోకి చూడకుండా.

అంతలో కుర్చీలో ఉన్న లక్సెట్టిపేట ఆమె గొడవకు దిగింది. "ఇయ్యాల్నే మూసెయ్యి సారూ, నేను మల్ల రాను."

బాపు ఆమెకు చెంప చూపించాడు. "నేను గూడ గిట్లనే తొందర పెట్టిన బిడ్డా. సారు తప్పేం లేదు. ఒక్కరోజు ఆగు."

ఆమె ఒప్పుకుంది.

"లేదమ్మా, తప్పు నాదే. నేను ఆగాల్సింది," అన్నాడు డాక్టర్.

అన్ని నెలల్లో బాపుతో అనలేకపోయిన మాట అది. అప్పుడు కూడా ఆమెతోనే అన్నాడు.