నిప్పుకోడి టేపులో మా మావయ్య గొంతు

మా మావయ్యకి థాంక్స్ చెప్పే జబ్బు ఉంది. అలవాటు అంటే సరిపోతుంది కదా, జబ్బు అనడమెందుకు అంటారేమో. అలవాటైతే ఎప్పుడో ఒకప్పుడు మానుకోవచ్చు. దీనికి మందు లేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంటే లిఫ్టుకి థాంక్స్ చెబుతాడు. బ్యాంకు మెషీను కార్డు మింగకుండా బయటికి తోసేస్తే, "తిరిగి ఇచ్చారు, అదే చాలు, థాంక్స్" అంటాడు. ఒకసారి పళ్ల డాక్టరు నోటినిండా దూది కుక్కి పన్ను పీకుతుంటే మావయ్య ఏదో అనబోయాడట. డాక్టరు కంగారుపడి దూది బయటికి లాగి, "నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"లేదండీ. థాంక్స్ అన్నాను."

"ఇంకా పన్ను రాలేదండీ!"

"వచ్చాక మళ్లీ చెబుతాను లెండి."

ఇంటికి రాంగ్ నంబరు వచ్చినా అంతే. "ఊళ్లో ఇన్ని ఫోన్లుండగా మాకే తగిలింది, థాంక్సండీ" అని మొదలుపెట్టి అవతలాయన ఆరోగ్యం, పిల్లల చదువులు అన్నీ కనుక్కునేవాడు. ఆ పెద్దమనిషి ఆ తర్వాత అప్పుడప్పుడు కావాలనే రాంగ్ నంబరు చేసేవాడు.

అందరికన్నా ఎక్కువ అవస్థ అత్తయ్యది. "ఈయనతో పోట్లాడటం ఎంత కష్టమో నీకేం తెలుసే" అనేది నాతో. "గొంతు పోయేలా అరిచి, ఆయాసం తీర్చుకుందామని ఒక్క క్షణం ఆగుతానా, 'మనసులో దాచుకోకుండా చెప్పావు, థాంక్స్' అంటారు. అంతే, మళ్లీ మొదట్నుంచీ అరవాలి."

ఈ జబ్బున్న మనిషి ఏ బట్టల కొట్లోనో పనిచేసి ఉంటే మంచిపేరు తెచ్చుకునేవాడు. కానీ మావయ్య వృత్తి వీడియోలు తీయడం. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, బడి వార్షికోత్సవాలు. ఏ క్యాసెట్ పెట్టి చూసినా బొమ్మ కన్నా ముందు మావయ్య గొంతు వినిపిస్తుంది. పెళ్లికూతురు తండ్రిని పట్టుకుని ఏడుస్తూ ఉంటుంది. చూసేవాళ్ల గుండె కరిగిపోతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే కెమెరా వెనకనించి, "కుర్చీలాయనా, కాస్త పక్కకి జరిగారు, థాంక్స్!" అని వస్తుంది. ఒకాయనైతే తన కూతురి పెళ్లికి మావయ్యని పిలుస్తూ, తీసినంతసేపూ నోట్లో చాక్లెట్టు ఉంచుకోవాలని షరతు పెట్టాడు. మావయ్య ఒప్పుకున్నాడు. ఆ పెళ్లి వీడియోలో ఇప్పటికీ "థాంచ్" అని వినిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అత్తయ్య ఒకరోజు అటక దులపమని నన్ను పిలిచింది. పాత క్యాసెట్లు పారేసే ముందు ఒక్కోటీ పెట్టి చూస్తున్నాను. ఒకదాంట్లో ఎవరో పెద్దమనుషులు బహుమతులు పంచుతున్నారు. ఆపేయబోతుంటే తెర ఒక్కసారి వణికి, వేదిక మీద నలుగురు కుర్రాళ్లు గిటార్లూ డ్రమ్ములూ సర్దుకుంటూ కనిపించారు. నా చేతిలో చీపురు కింద పడిపోయింది.

"అత్తయ్యా! నిప్పుకోడి! నిప్పుకోడి!"

"ఇంట్లోకొచ్చిందా? తలుపెవరు తీశారే?" అంటూ అత్తయ్య పరిగెత్తుకొచ్చింది.

నిప్పుకోడి అంటే ఒక రాక్ బ్యాండు. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, ఇవాళ గిటారు పట్టుకున్న ప్రతివాడూ వాళ్ల దగ్గర ఎంతో కొంత నేర్చుకున్నవాడే. పాటల రికార్డులు బోలెడు దొరుకుతాయి. వాళ్లు వేదిక మీద వాయిస్తుండగా చూసే భాగ్యం మాత్రం మా తరానికి లేదు. మొదట్లో వాళ్లని తీసినవాడు లేడు. పేరొచ్చాక వాళ్లే కెమెరాలని దగ్గరికి రానివ్వలేదు. అలాంటిది, మా అత్తయ్య అటక మీద, విరిగిన ఫ్యాను రెక్కల కింద ఆ కచేరీ మొత్తం ఉంది.

మొత్తం ఉంది అన్నానే గానీ, ఎలా ఉందో కూడా చెప్పాలి. కెమెరా ఒకపక్కకి ఒరిగి ఉంది. మొదట్నుంచీ చివరిదాకా అంగుళం కదల్లేదు. గాయకుడికి నుదుటి దాకానే ఉంది, ఆ పైన లేదు. ఎగిరినప్పుడు మెడ దాకానే. డ్రమ్ములు సగం. ఇక మావయ్య గొంతు సంగతి. పాట మెత్తగా, ఊపిరి బిగపట్టి వినాల్సిన చోట, "వాచ్‌మన్‌గారూ, రండి రండి, అలా ముందుకి. థాంక్స్." గిటారు ఒంటరిగా పైపైకి పోతున్నచోట, "డ్రైవర్‌గారూ, చెప్పులు విప్పక్కర్లేదు, కూర్చోండి. థాంక్స్." ఇంకో పాటలో నలుగురూ కలిసి కప్పు లేచిపోయేలా వాయిస్తుంటే, "వంటమ్మగారూ, మీరు కూడానా! చాలా థాంక్స్!"

అయినా ఉన్నది ఉన్నట్టు నెట్‌లో పెట్టాను. లోకం ఊగిపోయింది. ముందు ఆనందంతో, తర్వాత కోపంతో. "చరిత్రలో ఒకే ఒక్క కెమెరా, అదీ ఈయన చేతిలోనే పడాలా?" అని ఒకరు రాశారు. "ఆ నోట్లో ఎవరైనా గుడ్డ కుక్కి ఉంటే సంగీతం బాగుపడేది" అని ఇంకొకరు. మావయ్య ఒక్కరినీ వదలకుండా జవాబు రాశాడు. గుడ్డ కుక్కమన్న ఆయనకి, "చివరిదాకా చూశారన్నమాట. థాంక్స్" అని రాశాడు. ఒక పండితుడు మాత్రం పెద్ద వ్యాసమే రాశాడు. గాయకుడి తలని తెరకి బయట ఉంచడంలో వ్యక్తిపూజ మీద తిరుగుబాటు ఉందట. అది చదివి వినిపిస్తే మావయ్య కాసేపు ఆలోచించాడు.

"స్టాండుకి ఒక కాలు పొట్టిది" అన్నాడు.

కొన్నాళ్లకి పాటల కంపెనీ వాళ్లు వచ్చారు. టేపుని శుభ్రం చేసి పెద్ద హాల్లో ప్రదర్శిస్తారట. వాళ్లతో వచ్చిన సౌండ్ ఇంజినీరు నీళ్లు నమిలాడు. "సార్, అంతా బాగుంది గానీ... మీ గొంతు తీసేద్దామనుకుంటున్నాం. మీకేమన్నా అభ్యంతరమా?"

"అయ్యో, అభ్యంతరమేంటి బాబూ! నిక్షేపంగా తీసేయండి. అడిగినందుకు థాంక్స్."

ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి అంత తొందరగా ఒప్పుకోవడం నాకు వింతగా అనిపించింది. వాళ్లు వెళ్లాక పట్టుకున్నాను. "అసలు కెమెరా వదిలేసి ఎక్కడ తిరుగుతున్నావు మావయ్యా? కాస్త తిప్పి ఉంటే ఆయన తలన్నా వచ్చేది కదా?"

"లోపల ఉక్కగా ఉందమ్మా. గాలికి వెళ్లాను" అన్నాడు, నా మొహం చూడకుండా.

బ్యాండు వాళ్ల అనుమతి కూడా కావాలి కాబట్టి కంపెనీ వాళ్లు ఆ కొత్త టేపుని డ్రమ్ములు వాయించే ఆయనకి పంపించారు. మర్నాడు పొద్దున్నే ఆయన మా మావయ్య ఇంటి ముందు ఆటో దిగాడు. తలుపంత మనిషి. కూర్చున్నది మొదలు వేళ్లు ఆగవు. సోఫా చెయ్యి మీద, కాఫీ పళ్లెం మీద, తన మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాడు.

"ఈయన గొంతు తీసేశారమ్మా" అన్నాడు నాతో. "ఇంకా నయం, నా డ్రమ్ములు ఉంచారు. గొంతు పెట్టకపోతే నేను సంతకం పెట్టనని చెప్పేశాను."

"ఎందుకండీ? అందరూ ఆ గొంతునే తిడుతున్నారు కదా?"

"ఆ విషయం ఇప్పుడెందుకు లెండి, కాఫీ చల్లారిపోతుంది" అని మావయ్య అడ్డం వచ్చాడు.

"మీరు ఊరుకోండి" అన్నాడాయన. మావయ్య ఊరుకోలేదు, థాంక్స్ అన్నాడు. ఆయన పట్టించుకోకుండా చెప్పుకుంటూ పోయాడు.

"అది ఒక ఫ్యాక్టరీ వార్షికోత్సవం. అప్పటికి మా పేరు ఎవరికీ తెలీదు. బహుమతులు పంచాక మా పాటలన్నారు. పంచేవాళ్లు ప్రసంగాలు కూడా చేశారు. ఈలోగా బయట బస్సులు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. జనమంతా లేచి వెళ్లిపోయారు. మేం వేదికెక్కేసరికి ఎదురుగా ఉన్నవి కుర్చీలు. మావాడు, అదే పాడేవాడు, నా వైపు తిరిగి 'సర్దేద్దాంరా, నాకు చాలు. రేపట్నుంచి మా అన్నయ్య కొట్లో కూర్చుంటాను' అన్నాడు. అలిగి అన్న మాట కాదమ్మా. గిటారు సంచీలో పెట్టేశాడు కూడా. అప్పుడు కింద వైర్లు చుట్టుకుంటున్న ఈయన తలెత్తి, 'బాబూ, నా దగ్గర టేపు మిగిలిపోయింది, ఒక్క పాట పాడి పుణ్యం కట్టుకోండి' అన్నాడు. మేం మొదలుపెట్టాం. ఈయన కెమెరాని తలుపు పక్కన నిలబెట్టి మాయమైపోయాడు!"

"గాలికి వెళ్లాడటండీ" అన్నాను.

"గాలికా!" ఆయన పడీపడీ నవ్వాడు. "డ్రమ్ముల దగ్గర పీట ఎత్తుగా ఉంటుంది కదా, నాకు అన్నీ కనిపిస్తాయి. కాసేపటికి పక్క తలుపు తెరుచుకుంది. ఈయన వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని లాక్కొస్తున్నాడు. కూర్చోబెట్టి మళ్లీ పరుగు. ఈసారి డ్రైవర్లు. తర్వాత అంట్లు తోమేవాళ్లు, తోటపని వాళ్లు, క్యాంటీన్ వాళ్లు. ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పడం, చప్పట్లు కొట్టమని సైగ చేయడం, మళ్లీ పరుగు. అదే మీ టేపులో ఉన్నది. వేదిక మీద మా మోతలో మాకేం వినపడదు. మావాడు కళ్లు మూసుకుని పాడతాడు. పాట అయ్యాక తెరిచి చూస్తే ముందు వరసలు నిండి ఉన్నాయి! 'చూశావురా, మన పాట విని లోపలికొచ్చారు' అని వాడు నా భుజం పట్టుకుని ఊపేశాడు. నేను అవునన్నాను. ఇన్నేళ్లూ అవుననే అంటున్నాను. వాళ్ల అన్నయ్య కొట్టు మాట వాడు మళ్లీ ఎత్తలేదు."

అత్తయ్య మావయ్య వంక తేరిపారా చూసింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఇందులో నేను చేసిందేముంది? పని మానుకుని వచ్చింది వాళ్లు. పాడింది వీళ్లు" అన్నాడు మావయ్య. దొంగతనం బయటపడ్డట్టు చెవులు ఎర్రబడ్డాయి.

అత్తయ్య లోపలికి వెళ్లి ఇంకో కాఫీ పెట్టి తెచ్చి, డ్రమ్ములాయనకి కాకుండా మావయ్యకి ఇచ్చింది.

గొంతు టేపులోకి తిరిగొచ్చింది. ఇక మిగిలింది గాయకుడి సంగతి. ప్రదర్శనకి ఆయన వస్తే ఇదంతా వింటాడు కదా అని మావయ్య బెంగపెట్టుకున్నాడు. "ఇన్నేళ్లుగా ఆయన పెట్టుకున్న నమ్మకం. మనం పాడుచేయొద్దండీ" అని ఫోన్ చేసి మరీ బతిమాలాడు. "వాడికి చెవులు సగం పోయాయి, నేనే కేకలేసి చెప్పాలి, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు డ్రమ్ములాయన. మావయ్య దానికి ఒకటే షరతు పెట్టాడు. ఆ రోజు కుర్చీల్లో కూర్చున్నవాళ్లని కూడా వెతికి పిలవాలన్నాడు. వాచ్‌మన్ ఎప్పుడో పోయాడట. డ్రైవర్లలో ఒకాయన దొరికాడు. వంటమ్మగారు కూతురి దగ్గర ఉంటున్నారు. మావయ్యే స్వయంగా వెళ్లి తీసుకొచ్చాడు.

హాలు కిటకిటలాడింది. గాయకుడు సన్నగా, తెల్ల గడ్డంతో, మొదటి వరసలో డ్రమ్ములాయనకీ మావయ్యకీ మధ్య కూర్చున్నాడు. తన కుర్రతనం తెర మీద తల లేకుండా గెంతుతుంటే చూస్తూ పెదాలతో పాడుకుంటున్నాడు. మావయ్య గొంతు వచ్చినప్పుడల్లా జనం గొల్లుమంటున్నారు. తిట్టినవాళ్లే ఇప్పుడు ఎదురుచూసి నవ్వుతున్నారు. మావయ్యా డ్రమ్ములాయనా మాత్రం పరీక్ష ఫలితాల కోసం వచ్చినవాళ్లలా నేల చూపులు చూస్తున్నారు.

దీపాలు వెలిగాయి. గాయకుడు లేచి, పొగడటానికి వచ్చినవాళ్లని తప్పించుకుంటూ, తిన్నగా వంటమ్మగారి దగ్గరికి నడిచాడు. వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఈసారి గరిటె తేలేదా?"

డ్రమ్ములాయన వేళ్లు మొదటిసారి ఆగిపోయాయి. "ఒరేయ్! నీకు తెలుసా?"

"పాట వినడానికి వచ్చేవాళ్లు గరిటె పట్టుకుని రారు కదరా" అన్నాడు గాయకుడు. "ఆ గరిటెతోనే చప్పట్లు కొట్టింది ఆవిడ. నేను కళ్లు మూసుకుని పాడతాను నిజమే. మధ్యలో తెరిచి చూసుకోనా?"

"మరి ఇన్నేళ్లుగా చెప్పలేదేం?"

"నువ్వు అంత కష్టపడి దాస్తుంటే చెడగొట్టడం దేనికని ఊరుకున్నాను." ఆయన మావయ్య వైపు తిరిగాడు. "నేను మొదటి పాటతోనే ఆపేసేవాణ్ని. మీరు ఒకసారి బయటికి పరిగెత్తారు. ఈసారి ఎవరిని తెస్తారో చూద్దామని ఇంకోటి పాడాను. అలా చూస్తూ చూస్తూ ఇంతదూరం వచ్చాను."

మావయ్య ఏదో అనబోయాడు. మాట రాలేదు. పక్కనుంచి అత్తయ్య, "ఆయన థాంక్స్ అంటున్నారండీ" అని అందించింది.

వంటమ్మగారు ఇంకా గాయకుడి చేతులు వదల్లేదు. ఆవిడకి మనసులో ఏదో మిగిలిపోయినట్టుంది.

"ఈయన ఒక్క పాటే అన్నారు బాబూ" అంది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. మీరు పాడుతూనే ఉన్నారు. లేస్తే బాగుండదని నేనూ కూర్చునే ఉన్నాను. గిన్నె గిన్నే పొంగిపోయింది."

"అయ్యయ్యో, క్షమించండమ్మా!" అన్నాడు గాయకుడు.

"పోతే పోయాయి లెండి" అంది వంటమ్మగారు. "పాట మాత్రం బాగా పాడారు."