నేను రెల్లన్న జమ్ము

2012 వేసవిలో నా భార్య పోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ పొద్దున్నే చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ మీదుగా ఇద్దరం పార్కుకు నడిచేవాళ్లం. అక్కడి కొలను అంచున మనిషెత్తు గడ్డి ఉండేది. ఒకరోజు ఆమె ఆగి, "ఏమండీ, ఇదేం గడ్డి?" అంది. నాకు తెలియదు. ఇంటి నిండా పుస్తకాలున్నవాణ్ణి, తెలియదనలేక "రెల్లు" అన్నాను. నారాయణగూడలో పుట్టి పెరిగిన మనిషి, నమ్మింది. తర్వాత వాళ్ల చెల్లెలికి కూడా రెల్లనే చూపించింది. నేను పక్కనే ఉన్నాను. దిద్దలేదు.

ఆమె పోయిన నాలుగు నెలలకు ఒక్కణ్ణే వెళ్లాను. పార్కులో పనిచేసే ఒకావిడ మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఆ గడ్డి కోస్తోంది. నాకు కోపం వచ్చింది.

"రెల్లు ఎందుకమ్మా కోసేస్తున్నావు?"

ఆవిడ నవ్వింది. "రెల్లు ఏడిది సారూ? జమ్ము గిది. రెల్లు పూస్తే తెల్లగ కుచ్చులు కుచ్చులుంటది. దీన్ని సూడు."

గోధుమరంగు కంకి ఒకటి విరిచి నా చేతిలో పెట్టింది. బొటనవేలంత లావుంది. నలిపితే దూది రాలింది. పాలమూరు దిక్కు వాళ్ల ఊళ్లో దీనితో చాపలు అల్లుతారట. పైపైన కోస్తే మళ్లీ లేస్తుందట. నీళ్ల లోపలికి కోస్తే దుబ్బులోకి నీరు దిగి చస్తుందట. కొలను మూసుకుపోకుండా అది చావాలనే, చెయ్యి మోచేతి దాకా ముంచి కోస్తోంది.

"రెల్లని నీకెవరు చెప్పిన్రు సారూ?"

"మా ఆవిడ," అన్నాను.

"పట్నంల పుట్టినామె గావచ్చు. ఆమెకేమెరుక, పాపం," అని మళ్లీ వంగింది.

ఆ రోజు అన్నం సయించలేదు. నా అబద్ధాన్ని చనిపోయిన మనిషి మీద వేసి వచ్చాను. కాదనడానికి ఆమె లేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆవిడ కోసిన జమ్మును గట్టున పరుస్తోంది.

"నిన్న అబద్ధం చెప్పానమ్మా. రెల్లన్నది నేనే. మా ఆవిడ అడిగిందంతే."

"గింత దానికి మల్ల వచ్చినవా! నాకెందుకు సారూ, ఇంటికి పోయి ఆమెకు చెప్పు. ఇన్ని దినాలు రెల్లు రెల్లు అనుకుంట తిరిగె గద."

ఆమె లేదని చెప్పలేదు. చెబితే ఆవిడ నా మీద జాలిపడేది. ఆ జాలి పుచ్చుకునే మొహం నాకు లేదు. సరేనని తలూపి వచ్చేశాను.