వేడి మాత్ర, చలవ పండు

రక్తపోటు మాత్ర ఒంటికి వేడి చేస్తుందని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు నేనే తెలుసుకున్నాను. తెలివితక్కువతనానికి గురువు అక్కర్లేదు, అది స్వయంకృషి మీదే వస్తుంది. పోర్టులో సరుకు రవాణా చూసే విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ ఓడలోంచి దిగిన బొగ్గు ఏ వ్యాగన్‌లో ఎక్కి ఎక్కడికి పోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నా గొంతు దిగిన మాత్ర ఎక్కడికి పోతుందో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

మన ఇళ్ళల్లో లోకమంతా రెండే రకాలు కదా: వేడి చేసేవి, చలవ చేసేవి. ఆవకాయ వేడి, మజ్జిగ చలవ. బొప్పాయి వేడి, సబ్జా గింజలు చలవ. ఇక మందు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏ మందైనా వేడే. (నేను చెప్పేది గుక్కెడు నీళ్ళతో మింగే మందు. సోడాతో తాగే మందు గురించి నాకు తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు.) అందుకని మాత్ర వేసుకున్నవాడు వెంటనే ఏదో ఒక చలవ చూసుకోవాలి. నాకు ఆ చలవ మా బావ రూపంలో, గోనెసంచితో సహా ఇంటికొచ్చింది.

బావ అంటే మా ఆవిడకి అన్న. కవిటి వైపు కొబ్బరితోట, అందులో గట్టు వెంట పంపర పనస చెట్లు. కాపు వచ్చినప్పుడల్లా ఓ సంచి నింపుకుని, బస్సెక్కి, మధురవాడలో మా అపార్టుమెంటు ముందు దిగుతాడు. పంపర పనస తెలియనివాళ్ళకి చెప్పాలంటే, నిమ్మకాయకి పెదనాన్నలా ఉంటుంది. పేరులో పనస ఉందిగానీ పనసతో దానికి ఏ చుట్టరికమూ లేదు. మందపాటి తొక్క వలిచి, తెల్లటి దూది తీసి, తొనల మీది పొర ఒలిచి, ఉప్పూ కారం చల్లుకు తింటే, పక్కవాడు మాట్లాడుతున్నాడన్న సంగతి కూడా గుర్తుండదు.

ఆ రోజు బావ సంచి దించుతూనే నా మొహం చూశాడు.

"ఏటి బావా, అలగున్నావ్? మొకమంతా ఎర్రగైపోనాది."

"బీపీ మాత్రొకటి మొదలెట్టీసినారు. ఏసుకున్న కాసేపటికి సెవుల్లోంచి ఆవిర్లొస్తన్నాయి."

"రావా మరి! మందంటే నిప్పు. నిప్పు మింగీసి గలాసుడు నీల్లు తాగితే ఆరతాదేటి? మాత్ర ఏసుకున్నెంటనే ఈ పండు ఓ సగం తిను. సలవ. మా అయ్య రోజూ తినీవోడు."

"మీ అయ్యకి బీపీ ఉండీదా?"

"నేదు. అందుకే కదా సెప్తన్నాను!"

ఈ తర్కానికి ఎదురు చెప్పగల చదువు నాకు లేదు. మర్నాటి నుంచి టిఫినుకి ముందు మాత్ర, వెంటనే పండు. మా ఆవిడ వలిచి పెట్టేది, నేను తినేవాణ్ణి. కాపురంలో ఇంత చక్కటి పని విభజన మాకు మునుపెన్నడూ కుదరలేదు.

కొన్నాళ్ళకి చీలమండలు వాచాయి. చెప్పులు బిగుతయ్యాయి. కుర్చీలోంచి లేస్తే గోడలు నాతోపాటు లేచి, నాకంటే ముందు నడిచేవి. దీన్నిబట్టి నేను తేల్చుకున్నదేమిటంటే, వేడి ముదిరిందని. వేడి ముదిరితే ఏం చెయ్యాలి? చలవ పెంచాలి. సగం పండు కాస్తా పండయింది. తల ఇంకా తిరిగింది. ఇంకో పండు అయింది. అలా నా తలా, పంపర పనసా పోటీపడి తిరుగుతుండగా, ఓ ఉదయం పార్కింగులో స్కూటర్ స్టాండు తీసి ఎక్కబోయాను. అది ఎడమకి వాలింది, నేనూ దానికి తోడుగా వాలాను. ఇద్దరికీ గీతలే పడ్డాయి, సొట్టలు పడలేదు.

మా ఆవిడ కేకలెయ్యలేదు. అదే భయం. బండి తాళం తీసుకెళ్ళి దేవుడి అరలో పటాల వెనక పెట్టింది.

"ఏటండీ, తల తిరిగీవోలు బండి ముట్టుకోకూడదు. ఎందుకు తిరుగుతందో తేలీదాకా అంతే."

స్నానం చెయ్యకుండా దేవుడి అరలో చెయ్యి పెట్టే ధైర్యం నాకు లేదు. స్నానం చేసినా లేదు.

ఆ స్కూటర్ నాకేమిటో చెప్పాలి. మధురవాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని, ఎడం పక్క సముద్రంలో లంగరేసిన ఓడలు చూసుకుంటూ, వన్ టౌన్‌లో ఓ ఇరుకు సందులో టీ కొట్టు దగ్గర ఆగుతాను. అక్కడ నా పాత పోర్టు మిత్రులు బెంచీ మీద కూర్చుని, ఏ ఓడ ఎందుకు ఆలస్యమవుతోందో ఇప్పటికీ తామే జవాబు చెప్పుకోవాలన్నట్టు వాదించుకుంటుంటారు. ఆటోలో వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళాను. "ఏటి, సుట్టంలాగ ఆటో దిగుతన్నావ్?" అన్నారు. ఆ బెంచీ మీద ఆటో దిగినవాడు చుట్టం, స్కూటర్ దిగినవాడు మనవాడు. మళ్ళీ ఆటోలో వెళ్ళలేదు.

ఈలోగా సంగతి తెలిసి బావ ఫోన్ చేశాడు.

"బండి ఊరికే తుప్పట్టిపోద్ది బావా. ఈసారొచ్చినప్పుడు నాను తోలుకుపోతాను. తోటకి పనికొత్తాది."

"నాకు తగ్గిపోద్ది, ఉండు."

"తల తిరుగుతన్నోడికి మల్లీ సక్రాలెందుకు బావా!" అని పకపకా నవ్వాడు. మా ఆవిడ పక్కనే ఉంది. అన్న మాట కొట్టెయ్యలేదు. "సూద్దాం" అంది. మా ఇంట్లో 'చూద్దాం' అంటే ఇంచుమించు అయిపోయినట్టే.

కాబట్టి ద్వారకా నగర్‌లో నాకు ఆ మాత్ర రాసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేటప్పటికి నాకు ఆరోగ్యం కంటే తాళం ముఖ్యం. ఆవిడ బీపీ చూసింది. ఎక్కువ కాదు, మరీ తక్కువ. కాళ్ళు నొక్కి చూసింది.

"మాత్ర రెండేసి వేసుకుంటున్నారా?"

"లేదమ్మా, ఒకటే."

"వేరే మందులు?"

"లేవు."

"పసర్లు, చూర్ణాలు?"

"ఏమీ లేవు."

అప్పుడు మా ఆవిడ, "పండు సంగతి సెప్పరేటండీ?" అంది.

"పండు మందెలాగవుద్దే?" అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఏ పండు?"

ఆ తరవాత ఆవిడ చెప్పిందంతా నాకు పోర్టు భాషలోనే అర్థమైంది. మాత్ర పేగులోకి దిగాక, దాని సరుకు నేరుగా రక్తంలోకి పోదట. పేగు గోడలోనే కొన్ని ఎంజైములు కాపలా ఉంటాయి. వచ్చిన మందులో చాలా భాగాన్ని అక్కడికక్కడే విరిచి పారేస్తాయి. మిగిలింది ఒక పెద్ద రక్తనాళం వెంట కాలేయానికి పోతుంది. ఆ నాళం పేరులో 'పోర్టల్' ఉందనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, సొంత ఆఫీసులో అడుగుపెట్టినట్టు. కాలేయం మళ్ళీ సోదా చేసి ఇంకొంత విరుస్తుంది. దాన్నీ దాటినది రక్తంలోని ప్రొటీన్ల వీపున ఎక్కి ఒళ్ళంతా తిరుగుతుంది. దిగినచోట పని చేస్తుంది, చేసి చేసి చివరికి మళ్ళీ కాలేయంలో విరిగి, మూత్రపిండాల గేటు దాటి బయటికి పోతుంది.

"దారిలో ఎంత పోతుందో లెక్కేసుకునే మేము డోసు రాస్తాం," అంది. "మీ పండు ఆ పేగు గోడలో కాపలావాళ్ళని పడగొట్టేసింది. పోవాల్సింది పోలేదు. మింగింది ఒక మాత్రే, రక్తంలోకి ఎక్కింది రెండు మూడు మాత్రల సరుకు."

నేను నోరు తెరిచి విన్నాను. ఉద్యోగమంతా దారిలో సరుకు పోకుండా చూడటానికే అరిచాను. వ్యాగన్‌లోంచి బొగ్గు రాలితే అరిచాను, గాలికి ధూళి లేస్తే అరిచాను. తీరా నా కడుపులో ఒక్క రవ్వ కూడా నష్టం కాకుండా సరుకంతా గమ్యం చేరితే, నన్ను స్కూటర్‌తో సహా కింద పడేసింది.

బేరం ఆడటం పోర్టు అలవాటు. "పోనీ, మాత్ర పొద్దున, పండు సాయంత్రం తింటే?"

"కుదరదండీ. పడిపోయిన ఆ ఎంజైములు మళ్ళీ లేవవు. పేగు కొత్తవి తయారుచేసుకోవాలి, దానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మీరేమో రోజూ తింటున్నారు. అన్ని మాత్రలకీ ఇలా ఉండదు, మీ మాత్రకి ఉంది. మీ అంతట మీరు మాత్ర మానకండి. పండు మానండి."

"మరి వేడి?"

"ఆ మాత్రకి మొదట్లో మొహానికి ఆవిర్లు వస్తాయి. కొందరికి అవే తగ్గిపోతాయి. చలవ కావాలంటే మజ్జిగ తాగండి."

బయటికొచ్చాక మా ఆవిడ, "రోజూ వొలిసి పెట్టింది నానే కదండీ," అంది మెల్లగా. కళ్ళు తుడుచుకుంది కూడా. ఇన్నాళ్ళ కాపురంలో ఆవిడ వలిచి పెట్టినవాటిలో నన్ను పడగొట్టింది ఇదొక్కటేనని చెప్పాను. నవ్వింది. తాళం మాత్రం ఇవ్వలేదు.

పండు మానాను. మెల్లగా గోడలు వాటి చోట్లోకి వెళ్ళి నిలబడ్డాయి. చెప్పులు వదులయ్యాయి. డాక్టరమ్మ మళ్ళీ చూసి, బండి నడపొచ్చు అంది. తాళం దేవుడి అరలోంచి దిగే ముహూర్తం మా ఆవిడ ఇంకా పెట్టకముందే బావ దిగాడు. ఒక చేత్తో సంచి, రెండో చేత్తో హెల్మెట్. స్కూటర్ తోలుకుపోవడానికి తయారై వచ్చాడు.

సోఫాలో కూలబడి, "ఓలమ్మ, ఈ బస్సు కుదుపుకి బుర్ర తిరిగిపోతంది," అన్నాడు. చెప్పులు విప్పబోతే రాలేదు. నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అన్నయ్యా, కాల్లేటలా వాసినాయి?"

"ఏటో మరి. బీపీ అని మా ఊరి డాక్టరు నాకూ మాత్రిచ్చినాడు. ఏడి సేత్తంది, పండు తింటన్నాను." జేబులోంచి షీటు తీసి చూపించాడు. నా మాత్రే.

నేను పేగు గోడ దగ్గర మొదలెట్టాను. కాలేయం దాకా కూడా రానివ్వలేదు.

"పండుకీ మందుకీ ఏటి సంబంధం బావా? బండియ్యడం ఇష్టం నేదని సెప్పరాదా!"

ఈ మాటకి మా ఆవిడ లేచింది. మర్నాడు పొద్దున్నే అన్నని తీసుకెళ్ళి డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టింది. ఆవిడ బీపీ చూసి, నాకు చెప్పిన కథే మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. బావ ఇంటికొచ్చి సంచిలోంచి ఓ పండు చేతిలోకి తీసుకున్నాడు. "మా అయ్య సెట్లు," అన్నాడు. ఆ మాటకి మాత్రం నాకు నవ్వు రాలేదు. సంచిలో పళ్ళన్నీ మా ఆవిడ ఫ్లాట్లలో పంచిపెట్టింది, ప్రతి గుమ్మం దగ్గరా "మీ ఇంట్లో ఏటేటి మాత్రలేసుకుంతారు?" అని అడిగి మరీ.

తరవాత స్నానం చేసి, దేవుడి అరలోంచి తాళం తీసింది. బావ చెయ్యి చాచాడు. తాళం నా చేతిలో పడింది.

"తల తిరిగీవోలు బండి ముట్టుకోకూడదన్నయ్యా. ఆయన దింపుతారు, నువ్వెనక కూకో."

బావ తెచ్చుకున్న హెల్మెట్ వృథా పోలేదు. అది పెట్టుకుని, వెనక కూర్చుని, రెండు చేతులా నా భుజాలు పట్టుకున్నాడు. కవిటి వైపు బస్సులు మా మధురవాడ మీదుగానే పోతాయి. హైవే మీద స్టాపు దాకా దింపితే చాలు. నేను గేటు దాటి బీచ్ రోడ్డు పట్టుకున్నాను.

"బావా, బస్సు అటేపు కదేటి?"

"టీ తాగి ఎలదాం, ఉండు."

వన్ టౌన్ సందులో కొట్టు ముందు స్టాండేశాను. బెంచీ మీద వాదన ఆగింది. అందరూ నావైపు, తరవాత హెల్మెట్‌లో ఉన్న బావ వైపు చూశారు.

"మా బావ," అని పరిచయం చేశాను. "పాపం, తల తిరుగుతంది. అందుకని సక్రాలు నాను తిప్పుతన్నాను."